ఫైనల్ నాటి అక్షింతలు

ఆ ఫైనల్లో నేను ఇరవై రెండు పాయింట్లు కొట్టాను.

మా మనవలకు చెప్పే లెక్క ఇది. చిన్నప్పుడు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. తెలుగు అర్థమవుతుంది గాని నోరు తిరగదు. ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "ట్వెంటీ టూ ఆ, తాతా? పోయినసారి ఎయిటీన్ అన్నావు లా" అంటారు, మలేషియాలో ప్రతి మాటకూ తగిలించే ఆ "లా"తో సహా. మనిషి పెరగడం మానేశాక పాయింట్లయినా పెరగకపోతే ఎలా?

కాగితం మీద పెడుతున్నాను కాబట్టి దిద్దుకుంటాను. ఇరవై రెండులో ఇరవై అబద్ధం. మిగిలిన రెండూ నిజమే, కాని అవి పడ్డ తీరు చెబితే వాటినీ కొట్టేయమంటారేమో. అది దాని చోట చెబుతాను. అంతకన్నా ముఖ్యంగా చెప్పవలసింది ఇంకొకటుంది. దాన్ని మాత్రం నేనెప్పుడూ పెంచి చెప్పలేదు. మనవలకైతే అసలు చెప్పనే లేదు.

మధ్యాహ్నం భోజనమయ్యాక బంటింగ్ ఊళ్ళో మా ఇంటి ముందుగదిలో కుర్చీలో వాలుతాను. వీధిలో ఫ్యాక్టరీ లారీలు పోతుంటాయి. ఆ రొద మెల్లగా దూరమై, దాని అడుగునుంచి ఇంకో చప్పుడు పైకొస్తుంది. గట్టిపడిన ఎర్రమట్టి మీద బంతి తట్టే చప్పుడు. టప్పు, టప్పు. కాస్త ఆగి, టప్పు. దాని వెనకే రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగగది వాసన. ఆకు రాలే కాలపు వెలుతురు. రబ్బరు చెట్లన్నీ రాగిరంగుకు తిరిగి, ఒక్కో ఆకూ ఏ తొందరా లేకుండా దిగుతూ ఉంటుంది. ఆ వెలుతురులో మా బావ చెయ్యి పైకెత్తి నిలబడి ఉంటాడు. బంతి ఆయన వేళ్ళు వదిలి పైకి లేస్తుంది. కిందికి రాదు. నేను నిద్రలోకి జారిపోయేదాకా అక్కడే, ఆకుల మధ్య, తిరుగుతూ ఉంటుంది.

బావ అంటే మా మేనమామ కొడుకు. నాకన్నా మూడేళ్ళు పెద్ద. రబ్బరు తోటలో కూలీల ఇళ్ళ వరసలను లైన్లంటాం, అందులో మా రెండిళ్ళకూ మధ్య ఒకే గోడ. ఆయన ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు, దీంట్లో నా కల్పన ఏమీ లేదు. రబ్బరు పాల కోసం చెట్లకు పై కోత పెట్టాలంటే అందరికీ నిచ్చెన కావాలి. ఆయనకు అక్కర్లేదు. నిలబడిన చోటునుంచే గీసేవాడు. నేను అయిదడుగుల పది. సరే, ఏడు. అదీ జుట్టుతో కలిపి.

మాకు బాస్కెట్‌బాల్ నేర్పింది తోట ఇంజను కొట్టంలో పనిచేసే చీనా ఫిట్టరు. పాత పీపాకున్న ఇనుప చుట్టు ఊడదీసి, పొగగది వెనక ఒక కొయ్యకు బిగించి, దారిన పోతున్న బావను పిలిచాడు. "ఏయ్ పొడుగోడా, దీన్ని అందులో వెయ్యి చూద్దాం." భాష వేరైనవాళ్ళతో మేమంతా బజారు మలాయిలోనే మాట్లాడేవాళ్ళం. బావ గెంతకుండానే వేశాడు. ఆ రోజునుంచీ ఆ ఫిట్టరు మా కెప్టెన్. బంతికి చిల్లు పడితే దాని మీద రబ్బరు పాలు పూసి పొగగదిలో వేలాడదీసేవాడు. రెండు రోజుల తర్వాత అది ఎండుచేప వాసనతో తిరిగొచ్చేది, ఒక పక్క మాత్రం మరీ ఎక్కువగా ఎగిరేది. ఆ పక్క ఏదో మాకు తెలుసు, అవతలి టీములకు తెలియదు. సగం మ్యాచ్‌లు అలాగే గెలిచాం.

టీములో అయిదుగురు. నేను ఆరోవాణ్ణి. ఆరోవాడి పని బెంచీ మీద కూర్చుని అరవడం. ఆ పనిలో మాత్రం నన్ను మించినవాడు లేడు.

ఎమర్జెన్సీ అంటే ఇండియాలో ఉన్నవాళ్ళకు వేరే ఏదో గుర్తొస్తుందట. మాది దానికన్నా పాతికేళ్ళు పెద్దది. అడవిలో తుపాకులతో కమ్యూనిస్టులు, వాళ్ళ కోసం వెతికే సైన్యం, ఇద్దరి మధ్యా మా లైన్లు, లైన్ల చుట్టూ ముళ్ళకంచె. గేటు దగ్గర కాపలా పోలీసులు. వాళ్ళను మాతా-మాతా అంటాం. అడవిలో వాళ్ళకు తిండి అందకూడదని సర్కారు నియమం. గేటు దాటి ఒక్క బియ్యపు గింజ, చిటికెడు ఉప్పు పోకూడదు. చెట్లు గీయడానికి వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం తిరిగొచ్చేదాకా ఖాళీ కడుపుతోనే. సైకిలు పంపు విప్పి చూసేవాళ్ళు. ఆడవాళ్ళ కొప్పులు విప్పి చూడ్డానికి ఒక ఆడమనిషిని పెట్టారు. సాయంత్రం ఆరుకు సైరన్ మోగితే అరగంటలో ఎవరి కంచె లోపల వాళ్ళు ఉండాలి.

ఆ కంచే బావ పెళ్ళికి అడ్డం పడింది. ఇప్పుడు పోర్ట్ క్లాంగ్ అంటున్నారే, దాన్ని మేము ఊరికే రేవు అనేవాళ్ళం. ఆ రేవులో సరుకు దించే జట్టుకు మేస్త్రీ ఒకాయన, మనవాడే. ఆయన కూతుర్ని బావ ఎవరి పెళ్ళిలోనో చూశాడు. ఆ అమ్మాయి కూడా చూసింది. చూడకుండా ఎలా ఉంటుంది, పందిట్లో అందరికన్నా ఒక తల పైకి ఉంటే! మేస్త్రీని అడగడానికి నన్ను తోడు తీసుకెళ్ళాడు.

"కుర్రోడు మంచోడే, నాను కాదన్ను," అన్నాడు మేస్త్రీ తమలపాకు నవుల్తూ. "ముళ్ళకంచెలోకి మాత్రం నా గుంటని పంపను. కూతురింటికి రావాలంటే నాను మాతా-మాతాకి కార్డు సూపించాలా? బయట ఉజ్జోగం సూసుకో నాయినా. ఆ మర్నాడే మాటాడదాం."

బయట ఉద్యోగం ఆ ఏడే బావ వాకిట్లోకి వచ్చింది. క్లాంగ్ వైపు బస్సులు నడిపే ఒక తౌకే ఉండేవాడు. తౌకే అంటే మా దగ్గర చీనా షావుకారు. ఆయనకు బాస్కెట్‌బాల్ పిచ్చి. ఆయన టీములో వాళ్ళకు పేరుకే బస్సు ఉద్యోగం, అసలు పని ఆట. ఆట ఆడినందుకు జీతం తీసుకునేవాళ్ళంటే మా కళ్ళకు సినిమావాళ్ళతో సమానం. ఏడాది పొడుగునా సాగే లీగు అయిపోయాక, పైన మిగిలిన నాలుగు టీములకూ చివరి పోటీ పెడతారు. ఓడినవాడు ఇంటికి. మేము ఒక మ్యాచ్ గెలిచి ఫైనల్‌కు వచ్చాం. అవతల ఎవరనుకున్నారు? తౌకే టీమే. వాళ్ళ పొడుగాటి ఆటగాడికి మోకాలు పోయింది. తౌకే మా కెప్టెన్‌తో కబురు పంపాడు. ఫైనల్లో మీ పొడుగోణ్ణి చూస్తాను, నచ్చితే వచ్చే లీగుకు నా టీములో చోటు, కండక్టరు పని, క్లాంగ్‌లో ఉండడానికి గది.

క్లాంగ్ నుంచి రేవు ఎంత దూరం! బావ ఆ వారమంతా నడవలేదు, తేలాడు.

ఫైనల్ మూడు మైళ్ళ అవతల, చీనావాళ్ళ కోసం కట్టిన కొత్త ఊళ్ళో. దాని చుట్టూ కూడా కంచే. సాయంత్రం నాలుగున్నరకు ఆట, ఆరులోపు అంతా అయిపోవాలి. మూడు గంటలకు లారీ బయల్దేరుతుందనగా మా అత్త, అంటే బావ తల్లి, వంటగది గుమ్మంలోంచి నన్ను పిలిచింది.

"ఒరే అల్లుడా, ఇలా రా. బేగి రా."

చీర చెంగు ముడి విప్పి చిన్న కాగితం పొట్లం నా చేతిలో పెట్టింది. "రాములోరి కల్యాణం నాటి అచ్చింతలు. ఏడాదిగా దాచినాను. లారీ ఎక్కేముందు మీ బావ నెత్తిమీదెయ్యి."

"నువ్వే ఎయ్యొచ్చు గదత్తా?"

"నాను ఎయ్యకూడదురా." మా మామ పోయి అప్పటికి నాలుగేళ్ళు. బొట్టు తీసేసిన నుదురు మీద చెమట తుడుచుకుంది. "నా సెయ్యి మంచిది కాదు. నువ్వెయ్యి. నాను ఇక్కడినుంచి సూత్తాను."

"నాను సిన్నోణ్ణి గదా? నా సేత్తో ఎయ్యొచ్చా?"

"రాములోరివిరా. వయసుతో పనేటి? ఎల్లు!"

నేను పొట్లం చొక్కా జేబులో వేసుకుని లారీ దగ్గరకు వెళ్ళాను. అక్కడ లారీ అద్దం కనిపించింది. ఆ రోజు నేను తలకు రాసుకున్న నూనెకు ఇద్దరు వేపుడు వేసుకోవచ్చు. పాపిడి ఒక పక్కకు తీసి చూసుకున్నాను, ఇంకో పక్కకు తీసి చూసుకున్నాను. ఈలోపు లారీ కదిలింది. అక్షింతల సంగతి మరిచిపోయాను. అత్త గుమ్మంలోంచి చూస్తూనే ఉండి ఉంటుంది. ఏం చూసిందో, చూడలేకపోయిందో, నేను వెనక్కి తిరగలేదు.

గేటు దగ్గర అందర్నీ దింపి వరసగా నిలబెట్టారు. నా ముందు బావ, బావ ముందు కెప్టెన్. కార్పొరల్, ఇంకొక కుర్ర పోలీసు, ఇద్దరూ మలాయివాళ్ళు, మనిషి మనిషినీ తడుముతున్నారు. కెప్టెన్ చేత జేబురుమాలు కూడా దులిపించారు. అప్పుడు నా గుండె దగ్గర గరగరమంది. బియ్యం! పసుపు రాసిందైనా బియ్యం బియ్యమే. అప్పట్లో అంతకన్నా తక్కువకే మనుషుల్ని తీసుకెళ్ళేవాళ్ళు. తీసుకెళ్ళినవాళ్ళు ఎప్పుడొస్తారో ఎవరికీ తెలిసేది కాదు.

ఇక్కడి కథను నేను ఇన్నేళ్ళూ ఇలా చెప్పాను. ఇరవై మంది సోల్జర్లు చుట్టుముట్టారు, తుపాకులు గురిపెట్టారు, బావ జేబులో అత్త ఎప్పుడు పెట్టిందో ఏమో పొట్లం దొరికింది, నేను అడ్డం పడ్డాను, నన్ను తోసేశారు.

సోల్జర్లు లేరు. తుపాకులు భుజాల మీదే ఉన్నాయి. నేను అడ్డం పడలేదు. పొట్లాన్ని రెండు వేళ్ళతో తీసి, నా ముందు నిలబడిన బావ ప్యాంటు వెనక జేబులోకి జార్చాను. జార్చి, అది పైకి కనబడకుండా జేబు గుండీ కూడా పెట్టాను.

ఎందుకు? భయం. ఇది మొదటి జవాబు, నిజమే. బావ అంటే ఆ పోలీసులకు ఇష్టం, సాయంత్రాలు కంచె అవతలనుంచి ఆయన ఆట చూసేవాళ్ళు, ఆయన్ని గట్టిగా వెతకరనుకున్నాను. ఇది రెండోది, ఇదీ నిజమే. మూడోది ఒకటుంది. బావ ఆగిపోతే అయిదో చోటు నాది. ఆ ఆలోచన నా తలలో లేదని ఎన్నిసార్లు నాకు నేనే చెప్పుకున్నానో. ఉంది. ఒక మూల కూర్చుని, నోరు మెదపకుండా, ఉంది.

కుర్ర పోలీసు బావ వెనక జేబు తట్టి, గుండీ విప్పి, పొట్లం తీశాడు. పసుపు బియ్యం అరచేతిలో పోసుకున్నాడు. బావ దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఒక్క రెప్పపాటు.

"నాదే," అన్నాడు కార్పొరల్‌తో. "మా అమ్మ ఇచ్చింది. దేవుడిది."

"దేవుడిదైనా బియ్యమేగా?" అన్నాడు కార్పొరల్. "ఇన్‌స్పెక్టర్ రావాలి. ఆ బెంచీ మీద కూర్చో."

కెప్టెన్ బతిమాలాడు, తిట్టాడు, టోపీ నేలకేసి కొట్టాడు. ఏం లాభం లేదు. లారీ బావను వదిలి కదిలింది. చెక్క బెంచీ మీద మోకాళ్ళు గడ్డం దాకా వచ్చేలా కూర్చుని ఆయన మాకేసి చూస్తూ చిన్నవాడవుతూ పోయాడు.

"నువ్వు ఆడు," అన్నాడు కెప్టెన్ నాతో, పంటినొప్పి వచ్చినవాడిలా మొహం పెట్టి.

టీముకు ఉన్నవి అయిదు జతల బూట్లు, అన్నీ ఒకే సంచిలో. బావ బూట్లలో గుడ్డపేలికలు కుక్కి వేసుకున్నాను. పరిగెత్తితే నా పాదాలు ఒకసారి, బూట్లు ఒకసారి వెళ్ళేవి. కోర్టు చుట్టూ ఊరంతా ఉంది. ముందు వరసలో పేము కుర్చీలో తౌకే, తెల్ల బనీను, చేతిలో విసనకర్ర. మా టీములో తల పైకెత్తి చూడాల్సిన మనిషి కోసం వెతికి, కనబడక, విసనకర్ర ఆపేశాడు.

నా ఆట గురించి ఏం చెప్పను. బంతి నా దగ్గరకు వచ్చినప్పుడల్లా వేడి గిన్నె అందుకున్నట్టు ఇంకొకరికి ఇచ్చేశాను. చేతులు పనికిరానప్పుడు నోరైనా వాడదామని అరిచాను. "ఎడం పక్క! వెనకున్నాడు! వెయ్యి, వెయ్యి!" మలాయిలో, తమిళంలో, తెలుగులో.

ఇక ఆ రెండు పాయింట్లు. ఆట సగం దాటింది. పడమటి ఎండ ఊరి రేకుల కప్పుల మీదుగా ఏటవాలుగా వచ్చి కోర్టు మీద పరుచుకుంది. ఎక్కడో విమానం మూలుగు. అడవిలోవాళ్ళు లొంగిపొమ్మని సర్కారు కాగితాలు చల్లే విమానం అది. గాలి ఎటు తిప్పిందో, ఆ కాగితాలు అడవి మీద కాక మా మీద దిగాయి. వందలు. తెల్లగా, మెల్లగా, తిరుగుతూ, మెరుస్తూ. ఆడేవాళ్ళు ఆగిపోయారు. పిల్లలు చేతులు చాపారు. ముసలమ్మలు నోరు తెరిచారు. తౌకే కూడా తల ఎత్తాడు. ఒక్క చప్పుడు లేదు. అంత నిశ్శబ్దం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. ఆ నిశ్శబ్దంలో చూసుకుంటే బంతి నా చేతిలో ఉంది, నా చుట్టూ ఎవరూ లేరు.

వేశాను. పడింది.

రిఫరీ, ఆ ఊరి స్కూలు మాస్టరు, ఆయనా ఆకాశాన్నే చూస్తున్నాడు. తల దించేసరికి కాగితాలతోపాటు బంతి కూడా బుట్టలోంచి దిగుతోంది. ఈల వేసి రెండు పాయింట్లు ఇచ్చాడు. తీసేయాలనుకుంటే తీసేయండి. నేను మాత్రం తీయను.

ఇంకో మూడు నిమిషాలుందనగా బావ వచ్చాడు. గేటు దగ్గర జరిగింది తర్వాత ఆయనే చెప్పాడు. కుర్ర పోలీసు ఆ పసుపు బియ్యాన్ని అరచేతిలో అటూ ఇటూ కదుపుతూ, "మా అక్క పెళ్ళిలో మేమూ ఇదే చల్లాం, కార్పొరల్. పసుపు బియ్యం. తినేది కాదిది" అంటూనే ఉన్నాడట. రూలు రూలే అంటూ కార్పొరల్ ఆవలించాడట. అయిదు దాటాక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కుర్రవాడు మళ్ళీ అదే చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ నాలుగు గింజలు వేళ్ళతో నలిపి, వాసన చూసి, పొమ్మన్నాడు. ఆ కుర్రవాడు తన సైకిలు కూడా ఇచ్చాడు. కొత్త ఊరి గేటు దగ్గర మళ్ళీ వెతికారు. వరసలో మళ్ళీ నిలబడ్డాడు.

కోర్టు అంచున బావ. ఒళ్ళంతా ఎర్రదుమ్ము, వట్టి కాళ్ళు, రొప్పు. నేను బయటకొచ్చి మట్టిలో కూర్చుని బూట్లు విప్పాను. గుడ్డపేలికలు లాగి పారేశాను. ఆయన కాళ్ళు దూర్చాడు. లేసులు నేనే కట్టాను.

"ఒక్క పాయింటు తక్కువున్నాం బావా," అన్నాను.

"ఊఁ," అన్నాడు.

ఆఖరి బంతి ఆయనకే వచ్చింది. చెయ్యెత్తాడు. వదిలాడు. బంతి గాలిలో ఉండగానే సైరన్ మొదలైంది. ఆ సైరన్ నా చెవిలో ఈరోజుకీ ఆగలేదు, ఆ బంతీ దిగలేదు.

మనవలకు నేను చెప్పేది, పడింది అని. పడలేదు. ఇనుప చుట్టు మీద ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది, ఆలోచించుకుని, బయటికి పడింది. మూడు మైళ్ళు సైకిలు తొక్కిన కాళ్ళలో ఆ వేలెడు ఎత్తు తగ్గింది.

కర్ఫ్యూ కదా, ఓడినవాళ్ళకు ఏడవడానికి కూడా టైము లేదు. లారీ ఎక్కుతుంటే తౌకే కెప్టెన్‌ను పక్కకు పిలిచాడు. "పొడుగోడు ఆట మొదట్లో లేడు, చివర్లో వేయలేడు. వాడితో నాకేం పని?" అన్నాడు. తర్వాత విసనకర్రతో నన్ను చూపించాడు. "ఆ నూనె తలవాడు ఎవడు? ఆట రాదు. గొంతు మాత్రం బస్సు ఈ చివరనుంచి ఆ చివరకు వినబడుతుంది. కండక్టరుగా వస్తాడేమో కనుక్కో."

వెళ్ళాను. రెండు రోజులు ఆలోచించి వెళ్ళానని చెప్పాలని ఉంది. మర్నాడే వెళ్ళాను.

బంటింగ్ నుంచి క్లాంగ్‌కు, క్లాంగ్ నుంచి బంటింగ్‌కు. మూడేళ్ళు. బావ కంచె లోపలే ఉండి చెట్లు గీశాడు. నేను బస్సు మెట్టు మీద నిలబడి, బావకు రావలసిన ఖాకీ బట్టలు వేసుకుని, ఊళ్ళ పేర్లు అరిచాను. వారానికోసారి సెలవు రోజున రేవుకెళ్ళి మేస్త్రీ ఇంటి వెనక గుమ్మం దగ్గర బావ మాటలు ఆ అమ్మాయికి, ఆమె మాటలు బావకు మోశాను. "ఈవారం ఏటి తెచ్చినావు, కండక్టరన్నా?" అనేది. "ఏటీ లేదు, కుశలమే" అంటే, "ఆ ఒక్క ముక్కకి ఇంత దూరం ఎందుకొచ్చినావు, టిక్కెట్టు దండగ!" అని నవ్వేది. వాళ్ళ ప్రేమను నేనే బతికించానని ఊళ్ళో చెప్పుకునేవాణ్ణి. ఆమె ఎలాగూ ఆగేదే. నేను వెళ్ళింది నా కోసం, ఆ గుండీ బరువు తగ్గించుకోవడానికి.

కాని నన్ను తిననివ్వనిది, పడుకోనివ్వనిది వేరే ఒకటి. మా అత్త.

ఫైనల్ రోజు సాయంత్రం లారీ దిగినప్పుడే అన్నది. "నాను సెప్పలేదా, నా సెయ్యి మంచిది కాదని? నాను ముట్టుకున్న అచ్చింతలే నా కొడుకుని కూలబెట్టినాయి." పొట్లం నేను బావకే ఇచ్చేశాననుకుంది. ఆ తర్వాత ఆమె ఏ శుభకార్యానికీ చెయ్యి పెట్టలేదు. లైన్లలో ఎవరింట పేరంటమైనా పసుపు కూడా నూరేది కాదు. పక్కింటి పసిబిడ్డకు అన్నప్రాసనంటే తలుపు వేసుకుని కూర్చుంది. ఆ అరచేతుల్ని కొంగులో చుట్టి దాచుకునేది, ఏదో దొంగసొత్తు దాచినట్టు. తోటకు వెళ్ళినప్పుడల్లా నేను ఎదురుగా కూర్చుని ఆమె పెట్టిన అన్నం తినేవాణ్ణి. నీ చెయ్యి కాదత్తా, నా చెయ్యి అని చెప్పడానికి నోరు తెరిచేవాణ్ణి. ఆ నోట్లో ముద్ద పెట్టుకునేవాణ్ణి. బస్సు చివరిదాకా వినబడే గొంతు గజం దూరంలో పనిచేయలేదు.

మెర్డెకా వచ్చింది. స్వాతంత్ర్యం. కౌలాలంపూర్ మైదానంలో జెండా ఎగురుతుంటే ముందు వరసలో నేనున్నానని మీరు ఎక్కడైనా విని ఉంటే, అదీ నా నోటినుంచి వచ్చిందే. ఆ ఉదయం నేను బంటింగ్‌లో కాఫీ కొట్టు ముందు బస్సు ఆపుకుని, రేడియో చుట్టూ మూగిన జనం వీపులు చూస్తూ నిలబడ్డాను. వినబడింది ఈలలు, కేకలే. అప్పటికి మా వైపు అడవి చల్లబడింది. కొన్నాళ్ళకు మా తోట కంచె కూడా తీసేశారు. ముళ్ళతీగ చుట్టలు చుట్టి లారీలో వేస్తుంటే బావ వెళ్ళి తనూ ఒక చెయ్యి వేశాడు.

"కంచె లేదు గదా," అన్నాడు రేవు మేస్త్రీ. "ఇంకేటి సెప్పేది నాను? ముహూర్తం ఎట్టుకోండి."

తోటలో రాములవారి గుడి ముందు పందిరి. పొద్దున ముహూర్తం. రబ్బరు కాయలు పగిలే కాలం, ఎండ ఎక్కేకొద్దీ చెట్లలో టక్కు టక్కుమని కాయలు విచ్చుకుని గింజలు రాలుతున్నాయి. పందిట్లో అందరి చేతుల్లో అక్షింతలు. నా చేతిలోనూ ఉన్నాయి. పీటల మీద కూర్చున్నా బావ తల పంతులుగారి తలకు పైనే ఉంది. పంతులుగారు తాళి అందుకోబోతుంటే బావ నా వైపు వేలు వంచి పిలిచాడు. వంగి చెవి పెట్టాను.

"ఈసారి నెత్తిమీదెయ్యరా," అన్నాడు మెల్లగా. "జేబులో కాదు."

పందిరి, మేళం, జనం, అన్నీ నా చుట్టూ నీళ్ళలోకి మునిగినట్టయ్యాయి.

"నీకు… ఎప్పుడు తెలిసింది, బావా?"

"అప్పుడే. ఆ జేబుకి నాను ఎప్పుడూ గుండీ ఎట్టను గదరా." నవ్వుతున్నాడో లేదో తెలియలేదు, మొహానికి బాసికం పూలు అడ్డం. "నా సంగతేటిలే. ఆ బంతి పడలేదు, అంతే. అమ్మకి సెప్పినావా?"

"లేదు."

"మూడేళ్ళురా. ఎల్లి సెప్పు. నాను ఆగుతాను."

"బాబూ, ముహూర్తం…" అన్నారు పంతులుగారు.

"ఆగుతాను," అన్నాడు బావ మళ్ళీ, ఆయనతో.

అత్త గుడి వెనక వంటపాకలో ఉంది. కొడుకు పెళ్ళి వేళ సాంబారు కలుపుతోంది. పొగలో ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను చెప్పాను. నూనె, అద్దం, మరిచిపోవడం, గేటు, గుండీ. మూడో జవాబు కూడా చెప్పాను, ఆ మూల కూర్చున్నదాన్ని. ఏదీ పెంచలేదు. నా జన్మలో పెంచకుండా చెప్పిన మొదటి మాటలవే అనుకుంటాను.

అత్త గరిటె కదపడం మానేసింది. చాలాసేపు తన అరచేతులు చూసుకుంది.

"ఇవి కాదన్నమాట," అంది.

"కాదత్తా."

"మూడేళ్ళు ఈ సేతుల్ని తిట్టుకున్నాను గదరా, ముండాకొడకా! నా అన్నం తింటూ సూత్తా కూకున్నావా!" గరిటె నా నూనె తల మీద పడింది. మనవలకు చూపించే మచ్చ, అడవిలో తూటా రాసుకుపోయిందని చెబుతానే, అది ఆ గరిటెదే. రెండో దెబ్బకు ఆమే ఏడ్చింది. తర్వాత నీళ్ళు ముంచుకుని చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని, నా గుప్పిట్లో ఉన్న అక్షింతలు సగం తీసుకుంది.

ఆమె పందిట్లోకి వస్తుంటే దారి దానంతట అదే విడిపోయింది. ఎవరో "ఓలమ్మ" అన్నారు. పంతులుగారు ఏదో అనబోయి, పెళ్ళికొడుకు మొహం చూసి మంత్రం అందుకున్నారు. బావ తల వంచాడు. అంత ఎత్తు మనిషి, తల్లి చేతి కిందికి, పెళ్ళికూతురి భుజం దాకా వంచాడు. అత్త వేళ్ళు విప్పింది. పసుపు గింజలు ఆయన జుట్టులోకి ఒక్కొక్కటే, ఏ తొందరా లేకుండా దిగాయి. అప్పుడు బావ తాళి కట్టాడు.

మేళం ఊపందుకుంది. అందరూ చల్లారు. నేనూ చల్లాను, వెనక వరసనుంచి, చెయ్యెత్తి, గురి చూసి, ఫైనల్లో వేసినట్టు. నా గుప్పెడు వధూవరుల్ని దాటిపోయి పంతులుగారి గుండు మీద పడింది.